ఇటు తిరిగి చెప్పు

నా చిన్నప్పుడు మా ఏడో తరగతి సారుకు మేం పెట్టుకున్న పేరు ఇటుతిరుగు సారు. ఎవరు ఏం చెప్పబోయినా ముందుగా ఆయన నోటి వెంట వచ్చే మాట "ఇటు తిరిగి చెప్పు". తల దించుకుని చెప్తే ఒప్పుకోడు, నోటికి చేయి అడ్డం పెట్టుకుంటే అసలే ఒప్పుకోడు. ఆయనది కోదాడ. అక్కడి మాట కాస్త ఆంధ్ర వైపు ఒరిగి ఉంటుంది. మాది తిరుమలగిరి దగ్గర తండా. ఇంట్లో లంబాడీ, బయట తెలంగాణ తెలుగు. మేం "ఉంటది" అంటే ఆయన "ఉంటుంది" అనమనేవాడు. "సూడు" అంటే "చూడు" అనేదాకా వదిలేవాడు కాదు. ఇంత పట్టుదల మనిషికి పెళ్లాం పిల్లలు ఉన్నారా, అన్నం ఎవరు వండి పెడతారు అని మాకెవరికీ తోచనేలేదు. బడి గంట కొట్టాక సారు ఎక్కడికో మాయమై, పొద్దున మళ్లీ పుడతాడన్నట్టే ఉండేది మా లెక్క.

ఒకరోజు గోడకు మ్యాపు తగిలించి కృష్ణా నది చూపించమని నన్ను లేపాడు. నాకు తెలుసు. గోడ వైపు తిరిగి, నది మీద వేలు పెట్టి, "గీడున్నది సూడుండ్రి సారూ" అన్నాను. ఇటు తిరిగి చెప్పమన్నాడు. తిరిగి చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి పిల్లలు నవ్వారు. "చూడండి అనమ్మా" అని ఆయన, "సూడుండ్రి" అని నేను. ఎంత ప్రయత్నించినా నా నాలుక ఆ "చ" దగ్గరికి పోలేదు. చివరికి ఏడ్చేశాను. వేలు మాత్రం నది మీదే ఉంది. దాన్ని ఆయన మెచ్చుకోలేదు.

ఇంటికొచ్చి ఇక బడికి పోనని చెప్పాను. మా బాపుకు మొదటే సారు మీద గుర్రు. తండాలో మిగతా పిల్లలూ ఇదే చెప్పారు. మగవాళ్లంతా కూడి, సోమవారం సూర్యాపేట పోయి పెద్దాఫీసులో ఫిర్యాదు చేద్దామని అనుకున్నారు. తండా పిల్లల మాటను ఈసడించే సారు మాకొద్దని చెప్పాలన్నది వాళ్ల నిర్ణయం. బాపు అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "మన మాట గంత చేదైతే గీడికెందుకొచ్చిండు?" ఆ మాట విని నాకు కడుపు నిండినట్టయింది.

మా యాడి, అంటే అమ్మ, సోమవారం దాకా ఆగలేదు. ఆదివారం అంగడికి నన్ను వెంట తీసుకుపోయి, అటు నుంచి అటే సారు కిరాయికి ఉండే గదికి నడిచింది. ఆయన్ను ముఖం మీదే నాలుగు మాటలు అడగాలని ఆమె ఆలోచన. బిడ్డను ఏడిపించినవాణ్ని తన నోటితో కడిగితేగాని ఆమెకు తృప్తి ఉండదు.

తలుపు తీసే ఉంది. సారు మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ముందు స్టూలు మీద రేడియో. దాని నుంచి పాట రావడం లేదు, ఉత్త బర్రుమనే గోల, వీధి చివరికి వినపడేంత. ఆయన మాత్రం రేడియో మీద అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని మెల్లగా తల ఊపుతున్నాడు. యాడి పిలిచింది. గట్టిగా పిలిచింది. ఆయన కదల్లేదు.

యాడి అక్కడే ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో ఆమె మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి పగలగొట్టే మిషను కింద కూలి చేసింది. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు గనక అందరూ పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్లట. చెవులు దెబ్బతిని, ఇల్లు చేరాక కూడా కొందరికి ఆ అవసరం తప్పలేదట. ఆమె చుట్టూ తిరిగి సారు ముందుకు పోయింది. ఆయన కళ్లు తెరిచి గాభరాగా లేవబోయాడు. అప్పుడు మా యాడి గొంతు లేకుండా, ఉత్త పెదవులతో, "సారూ, బువ్వ తిన్నరా" అంది.

"ఇంకా లేదమ్మా, కూర్చోండి" అన్నాడు సారు.

నేను నోరు తెరుచుకుని యాడి వంక చూశాను. సారు నా ముఖం చూశాడు. ఏం జరిగిందో ఆయనకు అర్థమైంది. ఆ పెద్దమనిషి అంతగా భయపడడం చూసి నాకు ఏడుపొచ్చింది.

యాడి నాకు రేడియో వైపు సైగ చేసింది. పోయి ముల్లు తిప్పాను. కాసేపటికి పాట దొరికింది. అలవాటుగా సారు చేయి మళ్లీ దాని మీదికి పోయింది. అరచేతి కింద ఏదో మారినట్టు తెలిసింది కాబోలు, "ఇందాకటి నుంచి పాట రావట్లేదా?" అని నన్నడిగాడు. లేదని తల ఊపాను. ఆయన చేయి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు. యాడి తల వంచుకుంది.

తర్వాత ఆయనే చెప్పుకొచ్చాడు. అటక మీద గుడ్డ చుట్టి ఉన్నది హార్మోనియం. మిర్యాలగూడలో నాటకాలు ఆడే రోజుల్లో ఆయన వాయించేవాడు, పద్యం కూడా పాడేవాడు. ఒక విషజ్వరం వచ్చి పోతూ పోతూ చెవులను పట్టుకుపోయింది. దవాఖానల చుట్టూ తిరిగినా లాభం లేకపోయింది. సంగతి తెలిస్తే ఉద్యోగం ఉండదు, కోదాడలో ముసలి తల్లికి ఆయన తప్ప ఎవరూ లేరు. ఇవన్నీ చెప్పి, నా వైపు తిరిగి అన్నాడు.

"నీ మాట బాగలేక కాదమ్మా. మా ఊరి మాటయితే పెదవుల మీద ఎట్లాగో దొరుకుతుంది. మీ మాట నాకే అందటం లేదు."

తిరిగి వస్తుంటే దారంతా యాడికి ఒకటే ఆలోచన. చెప్తే సారు ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మగవాళ్లు సూర్యాపేట పోతారు. ఇంటికి రాగానే ఆమె గొంతు పెంచి, సారును తానే కడిగి పారేసి వచ్చానని, ఆయన తప్పయిందన్నాడని, ఇక ఎవరూ ఏ ఆఫీసుకూ పోవాల్సిన పని లేదని అబద్ధం చెప్పింది. ఆడమనిషివి ఒక్కదానివి ఎందుకు పోయావని బాపు తిట్టాడు. తండా వాళ్లు ఎగతాళి చేశారు, సూర్యాపేట ప్రయాణం మాత్రం మానుకున్నారు. చాలా రోజులు బాపు ఆమెతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. ఆమె అన్నీ పడింది గాని నోరు విప్పలేదు, నన్నూ విప్పనీయలేదు.

నేను మళ్లీ బడికి పోయాను. సారు ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలించి చెప్పేదాన్ని. నన్ను చూసి మిగతా పిల్లలూ అట్లాగే నేర్చుకున్నారు, ఎందుకో వాళ్లకు తెలియదు. అట్లా ఆ ఏడు గట్టెక్కుతుందనుకున్నాను. కానీ పరీక్షల ముందు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చేతిలో కాగితాలు చూసుకుంటూ, తల ఎత్తకుండా, పిల్లలెందరు వచ్చారని సారును అడిగాడు. సారు కృష్ణా నది గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టరు అప్పుడు తల ఎత్తాడు. ఎవరూ నవ్వలేదు.

ఎండాకాలం సెలవుల తర్వాత ఆయన రాలేదు. ఉద్యోగం పోయిందో, వేరే బడికి పంపారో మాకు చెప్పినవాళ్లు లేరు. గదికి పోయి చూస్తే ఇంకెవరో దిగారు. ఒక మంచి మనిషిని కాపాడుకోలేకపోయామన్న బాధ మా యాడికి కన్ను మూసేదాకా ఉంది. నాకిప్పటికీ ఉంది.

ఇప్పుడు సూర్యాపేటలో మా కొడుకు ఇంట్లో ఉంటున్నాను. నా చెవులూ మెల్లగా మూసుకుంటున్నాయి. యాడి నేర్పిన విద్య గనక పెదవులు చదువుతాను. తండా నుంచి ఎవరైనా వస్తే ఒక్క మాట పోదు. మా మనవరాలిది మాత్రం ఇంగ్లీషు బడి, సగం తెలుగు, సగం ఇంకేదో, అదీ ఫోను చూసుకుంటూ చెప్తుంది. మొన్న ఏదో చెప్తుంటే ఇటు తిరిగి చెప్పమన్నాను. చెప్పింది. అర్థం కాక మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది. ఇంకోసారి అడిగేసరికి పిల్ల ముఖం చిన్నబోయింది. ఫోను పక్కన పెట్టి, ఒక్కొక్క మాట విడదీసి, "నా మాట బాగలేదా నానమ్మా?" అంది. అది మాత్రం అందింది.

దాని గదవ పట్టుకుని చెప్పాను.

"నీ మాట బంగారం లెక్కున్నది బిడ్డా. నాకే అందుతలేదు."