మంచు కింద పిజ్జా రోల్స్

రేనో కంగాస్‌కి టొమాటో సాసు వాసన తగిలితే కడుపులో దేవుతుంది. మాటవరసకి అనడం లేదు. నిజంగానే నోట్లో నీళ్లూరి, గొంతు కిందికీ పైకీ కొట్టుకుని, కళ్లు చెమరుస్తాయి. రోగమేం కాదు. ఉద్యోగం.

అమెరికా ఉత్తరాన చలిఊరు డులూత్‌లో, కొండ దిగువన, సరస్సు గాలి కొట్టే చోట పిజ్జా రోల్స్ చేసి గడ్డకట్టించే ఫ్యాక్టరీ ఉండేది. మీసాలు సరిగా రాకముందే రేనో అందులో చేరాడు, ఉన్న మీసాలు తెల్లబడ్డాక బయటికొచ్చాడు. ఆ మధ్య బతుకంతా ఎరుపే. నెత్తిమీది గొట్టంలోంచి ఎర్రటి ముద్ద బుడుంగు బుడుంగుమంటూ జారేది. కింద బొటనవేలంత పిండిరేకులు బారులు తీరి వచ్చేవి. ముద్ద, చీజు, మాంసం తునక, మడత. మళ్లీ ముద్ద. ఇంటికొచ్చి పెరట్లో కట్టెల పొయ్యి పెట్టిన ఆవిరిగదిలో కూర్చుంటే, చెమటతోపాటు అదే వాసన కారేది. పక్కింటి కుక్క గేటు దగ్గర కాచుకుని ఆయన మోకాళ్లు నాకేది. చూసినవాళ్లంతా "అబ్బ, నీ పనే పని, రోజూ పిజ్జా!" అనేవాళ్లు. రేనో తలూపేవాడు. ఆ వూరివాళ్లకి తలూపడం ఉగ్గుపాలతో వస్తుంది.

పని మానేసిన నాడు ఒట్టు పెట్టుకున్నాడు, ఇక ఎర్రటిది నోట పెట్టనని. ఉడకేసిన బంగాళాదుంప, ఉప్పుచేప, నల్లటి రై రొట్టె, కాఫీ. ఇంట్లో ఒంటరి మగాడు. గిన్నె ఒకటి, చెంచా ఒకటి. వాసన లేని ఇల్లు. అదే ఆయనకి స్వర్గం.

ఆ స్వర్గంలోకి ఆర్డిస్ నోర్గార్డ్ వచ్చింది, ఎయిర్ ఫ్రయ్యర్ చంకన పెట్టుకుని.

ఆర్డిస్ బడి బస్సు నడిపేది. చలికి చెంపలు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, గొంతు మాత్రం బస్సు వెనక సీటుదాకా వినబడేది. మంచుగడ్డ మీద రాయి జారించే ఆట ఆడే క్లబ్బులో ఇద్దరికీ పరిచయం. ఆయన ముసిముసిగా నవ్వితే ఆమె గట్టిగా నవ్వింది. అంతే, నవంబరు మొదట్లో ఓ శనివారం ఆవిరిస్నానానికి పిలిచాడు. ఆమె వస్తూ వస్తూ ఆ నల్లపెట్టె తెచ్చింది.

"ఏమయ్యా రేనో, పిజ్జా రోల్స్ నువ్వు ఫ్యాక్టరీలో బోలెడు చేశావట. ఇంట్లో చేసినవి తిని చెప్పు చూద్దాం," అంది.

చేసింది. ఎలా చేసిందో చెప్పాలి, ఎందుకంటే రేనో అంతా చూశాడు, కళ్లు మూసుకోవడం మర్యాద కాదని. ఎగ్‌రోల్ రేకు పరిచింది. డబ్బా సాసు చెంచాతో తీసి మధ్యలో కొట్టింది. చీజు కడ్డీ, పెపరోనీ ముక్కలు కుక్కింది, పట్టనంత. వేలు తడిచేసి అంచులు అతికించింది. బుట్టలో పక్కపక్కనే ఇరికించి పెట్టె మూసింది. ఆ పెట్టె ఊపిరాడని మనిషిలా రొప్పడం మొదలెట్టింది. కాసేపటికి రేకులు పగిలి, చీజు తెల్లగా, సాసు ఎర్రగా, పుండు చితికినట్టు కారింది. ఆ కారింది బుట్ట అడుగున పాత జిడ్డులో పడి మాడింది. పాత జిడ్డంటే ఇవాళ్టిది కాదు.

"బుట్ట కడగవా?" అన్నాడు రేనో, వీలైనంత మెల్లగా.

"కడిగితే రుచి పోదూ?"

ఆ ఊళ్లో ఓ పద్ధతుంది. ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి, ఇక మీ కోసమే అన్నట్టు, సరే అనాలి. మొదటిసారే చెయ్యి చాపేవాడు తిండిపోతు. మూడోసారి కూడా వద్దనేవాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

"తింటావా?"

"అబ్బే, ఇందాకే తిన్నాను."

"ఒక్కటి."

"నీకు చాలవులే."

"తినవయ్యా, నీకోసమేగా చేసింది!"

"సరే," అన్నాడు రేనో. ఒకటి తిన్నాడు. ఆమె ఇంకో మూడు వేసింది. అవీ తిన్నాడు. సాసు లోపల లావాలా కాలుతోంది, పైన జిడ్డు పెదాలకి అంటుకుంది. నలభై ఏళ్ల ఫ్యాక్టరీ మొత్తం గొంతులోకి దిగినట్టనిపించింది.

"ఎలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి," అన్నాడు.

పొయ్యిలో కట్టె వేసొస్తానని చెప్పి ఆవిరిగది వెనక్కి వెళ్లి, మంచులో మొత్తం కక్కేశాడు. మొహమాటానికి పోతే కడుపైందట వెనకటికొకతికి. రేనోకి కడుపు ఖాళీ అయింది. తేడా అంతే.

ఆ రోజు ఆవిరిగదిలో చెమటలు కారుతూ కూర్చుని ఆర్డిస్ తన కథ చెప్పింది. మొదటి మొగుడు డేల్. తాగుబోతు. తాగుబోతని ఆమెకి తెలియదు. ఇంట్లో ఒక్క సీసా కనబడేది కాదు. అంతా గ్యారేజీ పక్క మంచుదిబ్బలో దాచేవాడు. మంచు కరిగిన ఏప్రిల్లో బయటపడ్డాయి, గడ్డి కనబడకుండా సీసాలు.

"చలికాలమంతా ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానే అనేవాడు," అంది. "తాగుడైతే ఓర్చుకునేదాన్నేమో రేనో. మంచులో దాచిపెట్టి నా మొహం చూసి నవ్వాడు చూడు, అది ఓర్చుకోలేకపోయాను. ఆ ఏప్రిల్లోనే వచ్చేశాను. ఇంకో మగాడు నాతో అలా చేస్తే, ఆ పూటే బస్సు తిప్పేస్తాను."

రేనో తలూపాడు.

తర్వాతి శనివారం ఆమె మళ్లీ పెట్టె తెచ్చింది. బాగానే ఉన్నాయన్నాడు కదా మరి. ఈసారి పళ్లెం పట్టుకుని, పొయ్యి దగ్గర కూర్చుని తింటానన్నాడు. చెత్తబుట్టలో వేద్దామంటే ఆమె కంట పడుతుంది. ఆవిరిగది పొయ్యిలో పడేశాడు. చీజు కాలిన పొగ రాళ్లకి పట్టుకుంది. నీళ్లు చల్లితే లేచిన ఆవిరి పిజ్జా ఆవిరి. ఆ వాసనలో, ఒంటి మీద నూలుపోగు లేకుండా, ఆర్డిస్ పక్కన కూర్చుని "ఆహా" అన్నాడు. ఇంతకంటే దరిద్రమైన స్నానం ఏ మనిషీ చేసుండడు.

దాంతో ఆ మరుసటి శనివారం పళ్లెం ఆవిరిగది వెనక మంచుదిబ్బలో బోర్లించి, పైన పారతో మంచు కప్పాడు. ఇది సీసా కాదు కదా, తిండే కదా అనుకున్నాడు. అలా అనుకోవడానికి మనిషికి ఎంత సిగ్గులేనితనం కావాలో అంతా ఆయనకుంది. ఆ రాత్రి కురిసిన కొత్త మంచు దిబ్బని నున్నగా సర్ది పెట్టింది. ఇంక అలవాటైపోయింది. ప్రతి శనివారం రొప్పే పెట్టె, జిడ్డు, "ఎలా ఉన్నాయి", "బాగానే ఉన్నాయి", పార.

రేనోకి ఆర్డిస్ అంటే ఇష్టం. ఆమె పకపకా నవ్వితే ఇంట్లో పింగాణీ గిన్నె మోగేది. ఆమె వెళ్లాక ఇల్లు వాసన లేకుండా, చప్పుడు లేకుండా ఉండేది, ఇప్పుడు మాత్రం అది స్వర్గంలా అనిపించేది కాదు. మార్చిలో ఆమె అడిగింది, "ఏప్రిల్ నెలాఖరుకి నా గది ఖాళీ చెయ్యాలి. నీ ఇంట్లో చోటుందా?" రేనో మొదటిసారే "ఉంది" అన్నాడు. వద్దనలేదు, రెండోసారి అడిగించుకోలేదు. తనకే ఆశ్చర్యమేసింది.

ఏప్రిల్ వచ్చింది. గాలి మళ్లింది. చూరు నుంచి నీళ్లు కారడం మొదలైంది. ఓ శనివారం పొద్దున పక్కింటి ఆర్విల్ కంచె మీద మోచేతులు ఆనించి కేకేశాడు.

"ఒరే రేనో! నీ పెరట్లో పెళ్లి భోజనాలా ఏందిరా?"

రేనో కిటికీలోంచి చూశాడు. ఆవిరిగది వెనక సరస్సు మీది సీగల్ పక్షులన్నీ దిగాయి. అరుపులు, ముక్కులతో లాగులాట. చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తాడు.

దిబ్బ సగానికి సగం కుంగిపోయింది. కుంగినచోటల్లా రోల్స్ తేలాయి. పైన ఉన్నవి పోయిన శనివారానివి, ఇంకా గోధుమరంగులోనే ఉన్నాయి. వాటి కిందివి నానిపోయి, నీళ్లలో ఉబ్బిన శవాల వేళ్లలా ఉన్నాయి. ఇంకా అడుగున నవంబరువి. వాటికి రూపం లేదు. బూజు నూగు, మధ్యలో ఎరుపు, ఆ ఎరుపు చుట్టూ మంచు కూడా గులాబీరంగుకి తిరిగింది. వాసన మాత్రం ఏం మారలేదు. చలికాలమంతా ఆ వాసనని భద్రంగా దాచిపెట్టి ఇప్పుడు వడ్డీతో ఇచ్చింది భూమి.

రేనో వాంతి ఆపుకుంటూ బకెట్టు, పార తెచ్చాడు.

"ఇవన్నీ నువ్వే పాతావా?" అన్నాడు ఆర్విల్. "మొలకెత్తుతాయనా?"

"నోరు ముయ్యరా."

"ఆర్డిస్ వచ్చేవేళయింది కదరా."

"సాయంత్రం కదా వచ్చేది."

"ఈ ఊళ్లో ఎవడ్రా చెప్పిన వేళకొచ్చేది? అందరూ ముందే తగలడతారు," అని ఆర్విల్ అంటూనే ఉన్నాడు, కారు తలుపు చప్పుడైంది. ఆర్విల్ కంచె మీంచి మోచేతులు తీశాడు కానీ ఇంట్లోకి మాత్రం పోలేదు.

ఆర్డిస్ పెట్టె చంకన పెట్టుకుని ఇంటి మూల తిరిగి వచ్చింది. పక్షులు లేచాయి. ఆమె దిబ్బని చూసింది. బకెట్టుని చూసింది. రేనో ఉత్తికాళ్లని చూసింది.

"ఎప్పట్నుంచి?"

"నవంబరు."

"ప్రతి శనివారం అడిగాను, ఎలా ఉన్నాయని."

"అడిగావు."

"బాగానే ఉన్నాయన్నావు."

"అన్నాను."

"నా మొహం చూసి."

రేనో పార కింద పెట్టాడు. ఆమె వెనక్కి తిరిగింది. అయిపోయింది, బస్సు తిప్పేసిందనుకున్నాడు. కాళ్లకి చలి అప్పుడు తెలిసింది. కానీ కారు చప్పుడు రాలేదు. వంటింటి తలుపు చప్పుడొచ్చింది. కాసేపటికి కిటికీలోంచి ఆ పెట్టె రొప్పడం వినబడింది.

"లోపలికి రా," అని కేక.

వెళ్లాడు. బల్ల మీద పళ్లెం. పళ్లెంలో పగిలి, కారి, పొగలు కక్కుతున్న రోల్స్. ఆమె ఎదురుగా కూర్చుంది, కోటు విప్పలేదు, కారు తాళం బల్ల మీద పెట్టింది.

"తింటావా?"

"వద్దు."

"ఒక్కటి."

"వద్దు ఆర్డిస్."

ఆమె పళ్లెం ఆయన ముందుకి నెట్టింది. సాసు వాసన ముక్కుపుటాల్లోకి పాకింది. ఆమె కళ్లు పళ్లెం మీద లేవు, ఆయన నోటి మీద ఉన్నాయి.

"తినవయ్యా. నీకోసమేగా చేసింది."

మూడోసారి. ఆయన తాత, తండ్రి, మేనత్తలు, క్లబ్బులో వాళ్లు, చర్చి నేలమాళిగలో కాఫీ పోసే ముసలమ్మలు, అందరూ ఆయన నాలిక మీద కూర్చుని సరే అనమన్నారు. గొంతులో మాట తయారై కూడా ఉంది.

"వద్దు," అన్నాడు రేనో. "నాకు అసహ్యం. వాసనొస్తేనే డోకొస్తుంది. మొదటిరోజు తిన్నది ఆ గోడ వెనకే కక్కాను. నీ బుట్ట జిడ్డు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. దాన్ని కడుగు ఆర్డిస్, రుచి గిచి ఏం లేదు, కంపు. నా బతుకంతా ఆ ఎర్రముద్దలో పోయింది. నువ్వొస్తుంటే సంతోషం, నువ్వు పళ్లెం తీస్తుంటే చావాలనిపిస్తుంది. నువ్వు రాకుండా పోతావని చెప్పలేదు. డేల్ సంగతి తెలిసీ దాచాను. అది తప్పు. ఇదీ అసహ్యమే, నేను చేసింది."

జీవితంలో అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ మాట్లాడలేదు. అలిసిపోయాడు.

ఆర్డిస్ ఓ రోల్ తీసుకుంది. కొరికింది. చీజు తీగ సాగి గడ్డానికి అంటుకుంది, తుడుచుకోలేదు. మెల్లగా నమిలి మింగింది.

"నాకిష్టం," అంది. "చాలా బాగున్నాయి."

"తెలుసు."

"మానను."

"మానొద్దు."

"పెట్టె గ్యారేజీలో పెట్టుకుంటాను. అక్కడే చేసుకుంటాను, అక్కడే తింటాను. నోరు కడుక్కుని ఇంట్లోకొస్తాను. బుట్ట కూడా కడుగుతాను, పోనీ." తాళం తీసి జేబులో వేసుకుంది. "నిన్నింకా క్షమించలేదు. ముందు బయటికి నడువు. ఒక్కటి మిగలకూడదు. చెప్పులేసుకో."

ఆమె పెరట్లో కుర్చీ వేసుకుని, ఒళ్లో వేడి పళ్లెం పెట్టుకుని కూర్చుంది. పారకి దొరక్క జారిపోతున్నవాటిని రేనో వంగి చేతులతో ఏరాడు. ఒకపక్క కుళ్లిన వాసన, మరోపక్క తాజా వాసన. రెండింటిలో ఏది ఎక్కువ రోతో తేల్చుకోలేకపోయాడు. రెండుసార్లు ఆగి గోడ పట్టుకున్నాడు. ఆర్విల్ కంచె దగ్గర నిలబడి ఏదో అనబోతే ఆర్డిస్ అతనికి పళ్లెం చూపించింది. "తింటావా ఆర్విల్?" "అబ్బే, వద్దమ్మా," అని అతను గబగబా ఇంట్లోకి పోయాడు, రెండోసారి అడిగే లోపే.

"ఎడం పక్క ఒకటుంది," అంది ఆర్డిస్, నములుతూ. "బూజుది. కాదు, దాని కిందది."

రేనో తీశాడు. అది వేళ్ల మధ్య జారింది, మళ్లీ తీశాడు.

"రేపు నీ ట్రక్కు కావాలి. నా మంచం కారులో పట్టదు."

"సరే," అన్నాడు రేనో, వంగినవాడు వంగినట్టే.