నా బదులు వెళ్లే బొమ్మ

మా వంటావిడ పోయింది. శుక్రవారం, సెలవు రోజున, తుబ్లీలోని తన గదిలో, నిద్రలోనే. ఇన్నేళ్ల బహ్రెయిన్ బతుకులో ఒక సెలవును పూర్తిగా వాడుకున్నది అదొక్కసారే. మా ఇంటికి వచ్చిన మీలో చాలామంది ఆవిడ పులిహోర తిన్నవాళ్లే; పేరు అడిగినవాళ్లు తక్కువ.

కోనసీమ మనిషి. అద్లియాలో మా అమ్మాయి ఇంటికి రాకముందు ఒక ఈజిప్టు మేడమ్ దగ్గర చేసింది. ఆ మేడమ్ తన దేశం వెళ్లిపోతూ ఒక రాతిబొమ్మ ఇచ్చింది. అరచేతిలో ఇమిడే బూడిదరంగు మనిషి. గుండెల మీద ముడుచుకున్న చేతుల్లో రెండు పారలు, వీపున చెక్కిన బుట్ట. పూర్వం ఈజిప్టువాళ్లు సమాధుల్లో పెట్టిన బొమ్మకు నకలు. దాన్ని తెచ్చి మా వంటగది కిటికీలో నిలబెట్టింది.

"ఎవరే ఈయన, మీ ఆయనా?" అన్నాను.

"అంత అదృష్టమా మామ్మగారండీ! ఆయన చేతిలో పార ఎప్పుడు చూశాను గనక?" అని నవ్వింది. "చచ్చాక పైన కూడా పనికి పిలుస్తారంటండి. అప్పుడు ఈడు లేచి 'నేనున్నా' అని మన బదులు ఎళ్తాడంట. మేడమ్ చెప్పింది. మనతోపాటే పెట్టాలంట."

"ఇప్పుడే పంపరాదూ? గిన్నెలు తోముతాడు."

"ఇక్కడ నేనున్నాగా అండి."

కూర మాడితే బొమ్మను తిట్టేది. నేను మళ్లీ కాఫీ అడిగితే, "ఎళ్లవయ్యా, మామ్మగారు పిలుత్తున్నారు" అని దానికి పురమాయించి, కాఫీ తనే తెచ్చేది. ఓసారి నవ్వుతూనే, "నన్ను పంపేటప్పుడు ఈడిని మర్చిపోకండేం" అంది. సరేనన్నాను. నాకంటే ఎంతో చిన్నది. ఆ మాట నా మెడకు చుట్టుకుంటుందని ఎవరనుకుంటారు?

ఆవిడను ఊరికి పంపే రోజున బొమ్మను చేతిసంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లాను. పెట్టె అప్పటికే మూసేశారు.

"భాయ్, ఇంత చిన్నది," అని చూపించాను.

"ఖలాస్ మాతాజీ, సీల్ అయిపోయింది. సామాన్ ఏదీ పెట్టకూడదు," అన్నాడు పెట్టె మూసినతను, మర్యాదగానే.

కాలేజీలో పాఠాలు చెప్పిన నోరు నాది. ఇంట్లో అల్లుడు కూడా జంకే నోరు. ఆ పూట దానికి "ప్లీజ్" తప్ప ఏమీ రాలేదు. బండి కదిలిపోయింది. ఊళ్లో వాళ్లబ్బాయికి ఫోన్ చేసి, ఎవరైనా వస్తుంటే బొమ్మను పంపనా అని అడిగాను. "సమాధి బొమ్మ ఇంట్లోకెందుకండీ?" అన్నాడు.

బొమ్మ మళ్లీ మా కిటికీలోనే ఉంది. పారలు పట్టుకుని, ఖాళీ బుట్టతో, పనీపాటా లేకుండా. అక్కడ పైన ఈపాటికి ఎవరో పనికి పిలిచే ఉంటారు. పమిట నడుముకు దోపుకుంటూ, "వత్తన్నానండీ" అని ఆవిడే లేచి ఉంటుంది.