మూడంతస్తుల ఓడకు ఒకటే తలుపు

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేం కాదు, ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనుకు ముందు ఫోను వాడుతున్న రోజులు. హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. అందరికీ కోపం ముక్కు మీద ఉంటే నాకు బొటనవేలి చివర ఉండేది (మెసేజ్ కొట్టేశాకే ఆలోచించేదాన్ని). నాకిచ్చిన మొదటి పెద్ద పని ఒక అంతరిక్ష ఓడ. మూడు వందలమంది జనాన్నీ బోలెడంత సరుకునూ ఎక్కించుకుని గ్రహాల మధ్య తిరగాలి. ఏ అంతస్తులో ఏముండాలో నేనే గీశాను. అడుగున సరుకు, మధ్యలో జనం, పైన గాజు కప్పు కింద క్యాంటీను. మా టీమ్ లీడర్ (ఎంత తిట్టినా గొంతు పెరగదు కాబట్టి చల్లసారు అనేవాళ్ళం) చూసి, "బొమ్మ బాగుందమ్మా. సరుకు ఎక్కించేదెలా, దించేదెలా?" అన్నారు. "ఇది డిజైన్ సార్, గోడౌను కాదు" అన్నాను. ఆయన చల్లగా, "సోమవారం కల్లా మార్చి పంపు. లేకపోతే పక్క టీముకి ఇస్తాను, వాళ్ళ పేరే పడుతుంది" అన్నారు.

ఆ ఓడ మీద నా పేరు పడకపోతే బతుకే వృథా అనుకునే వయసు. ఉక్రోషంతో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే మావయ్య ఇంటికి వచ్చేశాను. ఇంట్లో సిగ్నల్ రాదు, కాయల షెడ్డులో వస్తుంది. గోడౌను కాదన్న నోటితోనే వెళ్ళి గోడౌనులో ట్రేల మధ్య కూర్చున్నాను. లోడింగు ముఠాకి పెద్ద అయిన మేస్త్రీగారు కాసేపు నా వెనకే నిలబడి చూశారు.

"ఇల్లు కడుతున్నారాండీ అమ్మాయిగారూ?"

"ఇల్లు కాదు, ఓడ. ఆకాశంలో తిరిగేది."

"ఓహో. ఎవరు ముందు దిగుతారండీ?"

ఆఫీసులో ఒక్కరూ అడగని ప్రశ్న. "సరుకు మొదటి గ్రహంలో. జనం చివర్లో."

"తలుపెక్కడ?"

చూపించాను. మధ్య అంతస్తులో, మంచాల వరస చివర.

"ఒకటేనా? అయితే పడుకున్నోళ్ళని లేపి, వాళ్ళ నెత్తిమీంచి సరుకు లాగుతారా? ఏలూరు బస్సులో కోళ్ళగంపలాగా?"

"అక్కడ బరువుండదు మేస్త్రీగారూ! అన్నీ తేలతాయి!" అని అరిచాను.

"తేలితే ఇంకా గొడవండీ. కాయ తేలుకుంటా పోయి ఎవరి ముక్కుకో తగులుద్ది."

ముఠా అంతా పగలబడి నవ్వింది. నేను వినట్లేదన్నట్టు ఫోనులోకి తల దూర్చాను. మేస్త్రీగారు వదల్లేదు. బయట ఆగి ఉన్న లారీ చూపించి, "ఇదే మీ ఓడనుకోండి" అని అడుగున ఒక వరస ట్రేలు పేర్పించి, వాటి మీద ఐదుగురిని ప్రయాణికుల్లా కూర్చోబెట్టి, అడుగు ట్రే ఒకటి లాగమన్నారు. లాగారు. మొదటి ప్రయాణికుడు రెండో ప్రయాణికుడి ఒళ్ళో పడ్డాడు, ఇద్దరూ కలిసి చిన్నరసాల ట్రేలో పడ్డారు. కాయలు ఏరే అక్క మాత్రం నా స్క్రీను దగ్గరే ఉండి, "చంటిపిల్ల తల్లి ఉయ్యాల ఎక్కడ కట్టుకోవాలమ్మా? ఒక్క కొక్కెం కూడా పెట్టలేదు" అంది. ఫోను పక్కన పడేసి ఇటుకముక్క అందుకున్నాను.

అప్పుడే మావయ్య వచ్చాడు. "లోడెక్కలేదేంటయ్యా? డ్రైవరు అక్కడ గోల పెడుతున్నాడు!"

"ముందు అమ్మాయిగారి బండి బయల్దేరాలండీ" అన్నారు మేస్త్రీగారు.

మావయ్య తిడతాడనుకున్నాను. నేను ఇటుకముక్కతో నేల మీద కొత్తగా గీస్తున్న ఓడ చుట్టూ ఒకసారి తిరిగి, "సరుకు పక్కన జనమేంటే? మనోళ్ళయితే రెండో గ్రహం దాటకుండానే రసాలన్నీ పీల్చేస్తారు. మధ్యలో గోడ పెట్టు" అన్నాడు.

పెట్టాను. సరుకు తోక వైపు, దానికి విడిగా వెడల్పాటి తలుపు, ముందు దిగేది తలుపు దగ్గర, వరసల మధ్య గాలి ఆడేంత సందు. జనం ముందు వైపు, వాళ్ళ తలుపు వాళ్ళది, మంచాల మీద కొక్కేలు. సోమవారం పొద్దున్నే పంపించాను. గంటలో చల్లసారు ఫోను. "ఇప్పుడు ఓడలా ఉందమ్మా. ముఖ్యంగా ఆ ఉయ్యాల కొక్కేలు. ఎవరి ఆలోచన?"

"నాదే సార్" అనేశాను.

ఫోను పెట్టి తిరిగేసరికి ముఠా అంతా పని ఆపి నావైపే చూస్తోంది. "ఏమన్నారండీ సారు? మన ఓడ పాసయిందా?" అన్నారు మేస్త్రీగారు. పాసయిందన్నాను. అక్క చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు చెవుల్లో మోగుతుంటే పది నిమిషాలు ట్రేల వెనక నక్కి కూర్చుని, మళ్ళీ ఫోను చేశాను. "సార్, అది నా ఆలోచన కాదు. ఏదీ నాది కాదు."

"తెలుసమ్మా," అన్నారాయన చల్లగా. "ఫోను తప్ప ఇంకేదీ చేతిలో పట్టుకోని పిల్లకి ఉయ్యాల ఎలా తట్టిందా అని నేనూ అనుకుంటున్నాను."

ఆ గేము చివర్లో పేర్లు వస్తాయి. నా పేరు కింద 'నూజివీడు లోడింగు ముఠా' అని ఉంటుంది. అంతవరకూ ఎవరూ చూడరు, నేను అప్పుడప్పుడూ చూస్తాను. 'నాదే' అనే ఒక్క మాట కోసం ఆ పిల్ల అంత పోట్లాడిందా అని ఇప్పుడు నవ్వొస్తుంది. కొంచెం జాలి కూడా వేస్తుంది, పాపం, పది నిమిషాలు ఒక్కతే ఎంత ఉడికిపోయిందో.