అత్తా అల్లుళ్ల జంటపాట

రాగాలాయన అసలు పేరు సెలూను బోర్డు మీద ఉంది గానీ, చదివిన పాపాన పోయినవాళ్లు లేరు. కత్తెర ఆడుతున్నంతసేపూ కూనిరాగం తీస్తాడు, ఆ పేరే ఖాయమైపోయింది. గడ్డం గీసేటప్పుడు మాత్రం పాడడు. మన అదృష్టం!

మనిషికి ఏ లోటూ లేదు, ఒక్కటి తప్ప. అత్తగారు ఆయనతో మాట్లాడదు. తనకు చెప్పకుండా కూతురు ఈయన్ని చేసుకుందని కోపం. కూతురి మీద కోపం మనవరాలు పుట్టగానే చల్లారింది, అల్లుడి మీదది మాత్రం అలాగే ఉండిపోయింది. ఎదురుగా కూర్చుని కూడా, "మీ ఆయన్ని కాస్త జరగమనవే" అంటుంది కూతురితో. ఈయనా అంతే, "మీ అమ్మగారికి మంచినీళ్లు కావాలేమో కనుక్కో" అనాలి. ఆ పిల్ల ఎంతకని మోస్తుంది ఇద్దరి మాటలూ! ఆవిడ తిట్టినా ఫరవాలేదు, తనతోనే ఒక్క మాట అంటే చాలని ఈయన ఆశ.

ఇంతలో నాటక సమాజం వాళ్లు పాటల నాటకం ఒకటి తలపెట్టారు. పడవవాడి వేషం రాగాలాయనది. అతనితో పోట్లాడుతూ పాడే చేపలావిడ వేషానికి గొంతున్న మనిషి కావాలి. హార్మోనియం మాస్టారు తిన్నగా వెళ్లి అత్తగారిని అడిగారు. ఆవిడ ఆసుపత్రిలో పెద్ద నర్సుగా చేసి రిటైరైంది. వార్డుకి ఈ చివర గొంతు సవరించుకుంటే ఆ చివర రోగులు మాత్రలు మింగేసేవారట. వేషమనగానే మురిసిపోయి ఒప్పేసుకుంది. పడవవాడెవరో తరవాత తెలిసింది.

"ఇప్పుడు మానేస్తే మీ ఆయనకి లోకువైపోనూ?" అంది కూతురితో.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ సెలూనులోనే రిహార్సల్సు. ఈయన ముఖం చూసి పాడనని ఆవిడ భీష్మించుకుంది. చివరికి ఇద్దరూ రెండు కుర్చీల్లో పక్కపక్కన, అద్దం వైపు తిరిగి కూర్చున్నారు. అద్దంలో మనిషిని చూస్తే మాట్లాడినట్టు కాదని ఆవిడ లెక్క. చోద్యం కాకపోతే! దువ్వెన ఝళిపిస్తూ అద్దంలో అల్లుణ్ణి దులిపేస్తుంటే, ఈయన ఆనందంతో శ్రుతి తప్పేవాడు. పాట మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. "స్టేజీ మీద ఒకళ్లనొకళ్లు చూసుకోవాలి తల్లీ" అని మాస్టారు మొత్తుకుంటే, "ఆ, ఆ, చూద్దాం లెండి" అంది ఆవిడ. హాలేమో నాటకం రోజునే దొరికింది, ఆ సమయమంతా లైట్లకే సరిపోయింది.

తెర లేచింది. రాగాలాయన తెడ్డు పట్టుకుని మొదటి చరణం అదరగొట్టాడు. ఇక ఆవిడ వంతు. గంప నడుమున పెట్టుకుని, అద్దం ముందు పాడిన అలవాటు ప్రకారం సూటిగా ముందుకి చూసింది. ఎదురుగా అల్లుడేడీ? చీకట్లో జనం. ఈయనా అటే చూస్తున్నాడు, అత్తగారి కోసం! మాస్టారు హార్మోనియం మీద అదే ముక్క మళ్లీ వాయించారు. మళ్లీ వాయించారు. ఆవిడ ఇంకా జనంలో అల్లుణ్ణి వెతుకుతూనే ఉంది. ముందు వరసలో కూతురికి ముచ్చెమటలు పోశాయి.

అప్పుడు ఆవిడ గిర్రున అల్లుడి వైపు తిరిగింది.

"ఏవయ్యా! అటెక్కడో చూస్తావేం? నేనిక్కడ నిలబడితే!"

హాలు గొల్లుమంది. నాటకంలో మాటే అనుకున్నారంతా. రాగాలాయన నిలువునా పొంగిపోయాడు. ఆవిడ కళ్లలోకి చూసి, "నిన్నే, నిన్నే చూస్తున్నా" అని పాట వరసలోనే అందుకున్నాడు. ఇంకేముంది, ఆవిడ కొంగు దోపి విజృంభించింది. జనం ఈలలు, చప్పట్లు. ఆ పాట మళ్లీ పాడించుకున్నాక గానీ నాటకం ముందుకి సాగనివ్వలేదు.

అయినా ఈయనకి లోపల బెంగే. ఆ కసురు చేపలావిడది కాబోలు, అత్తగారిది కాదేమోనని.

తెర పడ్డాక కూతురు పరుగున లోపలికొచ్చింది. రంగు కడుక్కోకుండానే ఇద్దరూ కీచులాడుకుంటున్నారు.

"రెండో చరణంలో నా మాట మింగేశావు" అంటోంది ఆవిడ.

"మీరే తొందరపడ్డారండీ."

కూతురికి అలవాటేగా, మధ్యలో దూరింది. "ఏవండీ, అమ్మ ఏమంటోందంటే..."

"నువ్వెందుకే మధ్యన?" అంది ఆవిడ విసుగ్గా. "మేం మాట్లాడుకుంటుంటే!"