గ్లోబు మామయ్య చలికాలం

బళ్లో భూగోళం చెప్పే గ్లోబు మామయ్య ఏ దేశం పాఠం చెబితే ఆ దేశానికి కాపురం మార్చేసేవాడు. జపాన్ వారంలో చెప్పులు తరగతి గుమ్మం బయట విడిచి, సాయంత్రం అవి కనపడక ఉత్తకాళ్లతో ఇంటికెళ్లాడు. ఈజిప్టు వారంలో చాక్‌పీసులతో పిరమిడ్ కట్టి, "లోపల రాజుగారు పడుకున్నారు" అని ఒక్కటీ ముట్టుకోనివ్వలేదు.

ఆ తరగతి పంతులమ్మ ఆయన సొంత మేనకోడలు. ఫిర్యాదులన్నీ ఆమె నెత్తినే పడేవి. ఇప్పుడు మామయ్య లేడు, ఫిర్యాదులూ లేవు. స్టాఫ్ రూము మరీ సర్దినట్టు ఉంటోందని ఆమెకు దిగులు.

మామయ్య ఉన్న రోజుల్లో ఓ ఏడు బడి తెరిచేసరికి ఎండలు నిప్పులు చెరుగుతున్నాయి. ఆస్ట్రేలియా నుంచి వచ్చి చేరిన ఓ పిల్ల తన పాత బడి స్వెట్టర్ ఒంటిమీంచి తీయదు, నోరు విప్పదు. పిల్లలు "గొర్రెపిల్లా!" అని ఏడిపిస్తుంటే గేటు దగ్గరే బిగుసుకుపోయేది.

"ఈ వారం చూస్తానండీ, లేకపోతే మానిపించేస్తాను" అంది తల్లి. మేనకోడలు బతిమాలింది, బుజ్జగించింది. ఒక్క గుండీ కూడా ఊడలేదు.

సరిగ్గా అప్పుడే మామయ్య మంకీటోపీ, స్వెట్టర్, మఫ్లర్‌తో దిగాడు.

"మామయ్యా, జ్వరమా?"

"ఆస్ట్రేలియా! అక్కడిప్పుడు చలికాలం. ఆ తలుపు వెయ్యి, ఈదురుగాలి కొడుతోంది."

మర్నాటికి తరగతంతా స్వెట్టర్లే. "మావాడు బీరువాలోంచి రగ్గు లాక్కొచ్చాడండీ, ఇవేం చదువులు?" అని ఒకావిడ నిలదీస్తే మేనకోడలు మంచినీళ్ల గ్లాసు అందించి తరగతిలోకి తొంగిచూసింది. లోపల మామయ్య పొట్టకి సంచీ కట్టుకుని, అందులోంచి డస్టర్‌ని పిల్ల కంగారూలా తొంగిచూపిస్తూ గెంతుతున్నాడు. అక్కడి ఆదివాసులు చుక్కలతో బొమ్మలు వేస్తారని చెప్పిన పాపానికి నల్లబల్లంతా చుక్కలమయం.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చేసరికి పిల్లలంతా బల్లల మీద బోర్లాపడి నిద్ర.

"ఏంటండీ ఇది?"

"కోలాలండీ. రోజులో ముప్పాతిక వంతు నిద్రే. మెల్లగా మాట్లాడండి."

"మరి మీరు?"

"నేను చెట్టునండీ."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. స్వెట్టర్ పిల్ల!

"కోలాలు అలా పడుకోవు సార్. కొమ్మల మధ్య కూర్చునే నిద్రపోతాయి. మా పాత ఇంటి వెనక ఒకటి ఉండేది."

కోలాలన్నీ ఒక్కసారి లేచి ఆ పిల్ల చుట్టూ మూగాయి. "కరుస్తుందా?" "నువ్వు ముట్టుకున్నావా?" "ఏం తింటుంది?" గొర్రెపిల్ల సంగతి ఎవరికీ గుర్తే లేదు. చెప్పీ చెప్పీ అలసిపోయి ఆ పిల్ల మామయ్య వంక చూసింది.

"సార్, చెమట కారిపోతోంది మీకు. ఇక్కడ ఎండాకాలమే కదా, తీసెయ్యండి."

"నేనొక్కణ్ణే తీస్తే బావుండదమ్మా."

ఆ పిల్ల గుండీలు విప్పి, స్వెట్టర్ మడతపెట్టి సంచీలో పెట్టుకుంది.

సాయంత్రం మామయ్య మెడ నిండా పేలిన చెమటకాయలకు పౌడరు అద్దుతూ మేనకోడలు అడిగింది. "ముందే నాకో మాట చెప్పొచ్చుగా మామయ్యా?"

"ఏం చెప్పను? అక్కడ నిజంగానే చలికాలమాయె."

"సరేలే. వచ్చే వారం ఏ దేశం?"

"ఏదైనా సరే. బనీనుతో సరిపెట్టుకునే దేశం చూడవే తల్లీ!"