ఉల్లిపాయల లారీకీ కూరగాయల బుట్టకీ మధ్య మా కరుణ టీచరమ్మ

నిన్న పొద్దున్న నాన్న ఫోన్ చేశాడు. నేను కోరాపుట్‌లో, బ్యాంకు కౌంటర్‌లో అప్పుడే కూర్చున్నాను.

"అమ్మీ, టీచరమ్మ ఎలిపోనాది" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

నిజంగానే అడిగాను. అటు నుంచి ఏడుపు వినిపించింది. అప్పుడు అర్థమైంది.

నిద్రలోనే పోయారట. ఎవరికీ చెప్పకుండా.

నలుగురినీ కూర్చోబెట్టి చర్చ పెట్టకుండా ఆవిడ చేసిన పని, నాకు తెలిసి, ఇదొక్కటే.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. రాయగడలో కరుణ టీచరమ్మది మా పక్కిల్లు. కాకినాడ వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాకు సివిక్స్ చెప్పారు.

ఒకసారి క్లాస్ లీడర్‌కి ఎలక్షన్ పెట్టారు. "హోంవర్క్ ఉండదు" అని హామీ ఇచ్చి ఒకడు బంపర్ మెజారిటీతో గెలిచాడు. మర్నాడు టీచరమ్మ వాడిని బోర్డు దగ్గర నిలబెట్టి, "హామీ ఏమైందో అడగండర్రా" అని మమ్మల్ని వాడి మీదకి వదిలారు.

పీరియడ్ అయ్యేలోపు వాడు రాజీనామా చేశాడు. ఏడుస్తూ.

"ఓటేసి ఇంటికెళ్ళి నిద్రపోతే ఎలాగర్రా? అడగాలి. అడిగాక వినాలి" అనేవారు.

రిటైరయ్యాక ఆ క్లాసు వీధి మొత్తానికి పెట్టారు. ఆదివారం సాయంత్రం, ఆవిడ వరండాలో. స్టూలు మనది, టీ ఆవిడది. వీధికుక్కల సమస్య మీద నెలల తరబడి మాట్లాడుకున్నాం. ఏమీ తేలలేదు. "తేలకపోతేనేం, కొట్టుకోలేదు కదా" అన్నారు.

కానీ ఒకటి తేలింది. అది చెప్పాలి.

మా షాపు ముందు మున్సిపాలిటీ ఖాళీ జాగా ఉంది. నాన్నది ఉల్లిపాయల హోల్‌సేల్. పొద్దున్నే లారీ అక్కడే ఆగాలి. అదే టైముకి కాశీపూర్ రోడ్డు మీది కొండ ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చి, కూరల బుట్టలు దించుకుని అక్కడే కూర్చునేవారు. వాళ్ళందరి తరఫునా మాట్లాడేది సుక్రి. పిన్ని అన్నట్టు మేం మావుసి అనేవాళ్ళం.

రోజూ హారన్లు, తిట్లు.

ఒకరోజు లారీ చక్రం కింద మావుసి టమాటా బుట్ట నలిగిపోయింది. ఆవిడ వెళ్ళి లారీ ముందు బైఠాయించింది. నాన్న కౌన్సిలర్‌కి ఫోన్ చేశాడు. "రేపే ఖాళీ చేయిస్తా" అన్నాడాయన.

టీచరమ్మ అడ్డం పడ్డారు. "ముందు ఒక్క ఆదివారం నాకివ్వు బాబూ."

కౌన్సిలర్ ఎవరనుకున్నారు? ఆ రాజీనామా చేసినవాడే. ఆవిడ మాట కాదంటాడా!

ఆదివారం వీధంతా వచ్చింది. టీచరమ్మ రూల్ చెప్పారు. నీ మాట చెప్పే ముందు ఎదుటి మనిషి మాట నువ్వు చెప్పాలి. వాళ్ళే అయిపోయి, "నేను" అని చెప్పాలి. వాళ్ళు ఔనంటేనే నీ వంతు.

నాన్న లేచాడు. "నాను సుక్రిని. నాకు పనీపాటా నేదు. అడ్డంగా కూకుంటాను."

మావుసి తల అడ్డంగా ఊపింది.

"కూర్చోండి. ఆవిడ్ని అడిగి తెలుసుకుని మళ్ళీ లేవండి" అన్నారు టీచరమ్మ.

వాళ్ళ కొండ ఊళ్ళ భాష దేశియా, నాన్నకి బేరాలాడేంత వచ్చు. బేరం కాని మాట ఆవిడతో మాట్లాడటం అదే మొదలు. మావుసి చాలాసేపు చెప్పింది.

నాన్న మళ్ళీ లేచి, మీసం తుడుచుకుని, "సీకటుండగానే కొండ దిగుతాను. సంటిదాన్ని సంకనేసుకుని బస్సెక్కుతాను" అన్నాడు.

వీధంతా పగలబడి నవ్వింది.

నాన్న నవ్వలేదు. "కొత్త మార్కెట్టుకి పొమ్మంతన్నారు. అది ఊరికవతలుంది. అక్కడికెల్లి అమ్ముకునేసరికి నా బస్సెలిపోద్ది. నాను, నా పిల్లా ఎక్కడ పడుకోవాల?"

నవ్వులు ఆగిపోయాయి.

"హఁ" అంది మావుసి.

తరవాత ఆవిడ వంతు. ఆవిడకి తెలుగు రాదనే అనుకున్నాం. కొంగు తువ్వాలులా భుజాన వేసుకుని, చెయ్యి ఫోన్‌లా చెవి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టింది.

"ఒరే డ్రైవరూ! ఏటిరా, ఎక్కడ సచ్చేవు? సరుకు కుల్లిపోతందిరా! నా కొంప ములిగిపోనాదిరా!"

అచ్చం నాన్న గొంతే. మా అమ్మ నవ్వు ఆపుకోలేక స్టూలు మీంచి జారి కింద కూర్చుంది.

ఆ తరవాత మావుసి నెమ్మదిగా, దేశియాలో చెప్పింది. దించడం లేటైతే సరుకు చెడిపోతుందని. లారీ రాకపోతే హమాలీల ఇళ్ళలో పొయ్యి వెలగదని. ఈ మనిషి అరిచేది కోపంతో కాదు, భయంతో అని.

నాన్న కష్టాన్ని ఇంట్లో మేమెవరమూ అలా చెప్పలేదు.

"అదే... అదేనమ్మా" అన్నాడు నాన్న.

తిరుగు బస్సు వెళ్ళేదాకా జాగా బుట్టలది, తరవాత లారీది అని తేలింది. డ్రైవర్‌ని ఒప్పించడానికి నాన్న స్టాకులో ఉన్న తిట్లన్నీ వాడాడు. టమాటాల బదులు బస్తా ఉల్లిపాయలిస్తే, "బరువు, నువ్వే మొయ్యి" అంది మావుసి. బస్సుదాకా మోశాడు.

కౌన్సిలర్ తన పేరుతో అక్కడ బోర్డు పెడతానన్నాడు. "నువ్వు కూర్చుని విన్నావు బాబూ, అంతకంటే పెద్ద పని లేదు" అని టీ ఇచ్చి పంపేశారు టీచరమ్మ.

నిన్న మధ్యాహ్నానికి నేనూ రాయగడ చేరాను. సాయంత్రం టీచరమ్మని సాగనంపి సమాధుల తోట నుంచి అందరం నడిచి వస్తున్నాం. ఇక ఆదివారాలు ఎవరు కూర్చోబెడతారని ఎవరో అడిగారు.

"నా గొడౌనుంది. బస్తాల మీద కూకోండి. టీ నాను పెడతాను" అన్నాడు నాన్న.

ఆయనకి టీ పెట్టడం రాదు. ఆ మాట అనబోయి అమ్మ ఊరుకుంది.

వెళ్ళిరండి టీచరమ్మా. మా అందరి గోలా ఇన్నేళ్ళు విన్నారు. ఇక మీ మనసుకి నిశ్శబ్దం, చల్లటి నిద్ర దొరకాలి.