హోల్డాన్ ఉరుకుందు

మా తాత ఉరుకుందు ఒక్క కేక వేసినాడంటే, ఆదోనిలో ఆగని బొంబాయి రైలు కూడా పట్టాల మీద నిలబడిపోయి "ఏం కావాల స్వామీ?" అని అడుగుతుంది. ఈ మాట నాది కాదు, మా అవ్వ లక్ష్మక్కది. పోయిన చలికాలం దాకా వీధి కొళాయి దగ్గర బిందె నిండేలోపు కనీసం ఇద్దరికి చెప్పేది. ఇప్పుడు చెప్పదు. చెప్తే తాత అన్నం ముందు నుంచి లేచిపోతాడు.

తాత ఆదోని బస్సు డిపోలో కండక్టరు. ఆ డిపోకు ఒక క్రికెట్ జట్టు ఉంది. డ్రైవర్లు, కండక్టర్లు, గ్యారేజీలో పనిచేసేవాళ్లు కలిసి, అరిగిపోయిన టైర్లను బౌండరీగా పరుచుకుని ఆడుకుంటారు. ఏటా ఒకసారి ఎమ్మిగనూరు డిపోతో మ్యాచ్. ఆ పొద్దు ఆడినోళ్లకు డ్యూటీ చేసినట్టే లెక్క కాబట్టి, పొట్టలు ముందుకొచ్చిన పెద్దమనుషులు కూడా జట్టులో చేరినారు. "మరి మా తాతను ఎట్లా తీసుకున్నావు సుధాకరన్నా?" అని ఒకసారి కెప్టెన్‌ను అడిగితే, "పదిమంది అయినారు. ఇంకొకరు దొరకలేదు పాపా" అన్నాడు. సుధాకర్ గ్యారేజీలో మెకానిక్కు. నట్టు బిగించినట్టే మాట్లాడతాడు.

జట్టులో బ్యాటు పట్టడం సరిగ్గా వచ్చినోడు డ్రైవర్ మద్దయ్య ఒక్కడే. ఆయన, తాత ఎన్నో ఏండ్లుగా ఒకే బస్సు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు, ఎమ్మిగనూరు నుంచి ఆదోని. మద్దయ్య వెనక్కి తిరిగి చూడడు. తాత "రైట్ రైట్" అంటే కదిలిస్తాడు, "హోల్డాన్" అంటే బ్రేకు తొక్కుతాడు. ఎందుకు అని ఒక్కసారి కూడా అడిగింది లేదు. మా ఇంట్లో తాత మాటకు అంత విలువ ఎప్పుడూ లేదు, అందుకేనేమో డ్యూటీకి అంత సంబరంగా పోయేవాడు.

మద్దయ్య పుట్టినప్పటి నుంచి ఒక్క యాభై కొట్టలేదు. ఈ ఏడాదితో ఆయన సర్వీసు అయిపోవాల. డిపో జట్టులో ఉద్యోగంలో ఉన్నోళ్లే ఆడాల. అంటే పోయిన చలికాలం ఎమ్మిగనూరులో జరిగిన మ్యాచే ఆయనకు ఆఖరుది.

నేను కూడా పోయినాను. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని, నాకు వేరే పనేముంది? మనోళ్లు వరసగా అవుటైపోయి, చివరికి మద్దయ్య, మా తాత మిగిలినారు. మద్దయ్య నలభై తొమ్మిది మీద ఉన్నాడు. గెలవాలంటే రెండు పరుగులు. టెంటు కింద ఎవరూ బోండాలు కూడా ముట్టుకోలేదు.

మద్దయ్య కొట్టినాడు. బంతి ఎవరూ లేని వైపు పోయింది. "రైట్ రైట్!" అని తాత ఉరికినాడు. మద్దయ్య కూడా ఉరికినాడు. పడుకుని లేచి పోయినా వచ్చే పరుగు అది. సరిగ్గా అప్పుడే, మైదానం అవతల మట్టిబాటలో ఒక ముసలామె నెత్తిన మూటతో, చెయ్యి ఊపుకుంటూ ఉరికి వస్తాంది. ఆమె పిలుస్తున్నది ముందు పోయే తన బర్రెను. కానీ చెయ్యి ఊపే మనిషి కనపడితే మా తాతకు మిగతా లోకం కనపడదు.

"హోల్డాన్!"

మద్దయ్య పిచ్ నడిమధ్యలో, రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి నిలబడిపోయినాడు. బంతి వచ్చింది. వికెట్లు ఎగిరిపోయినాయి. ఎమ్మిగనూరోళ్లు ఎగరాలో నవ్వాలో తెలియక రెండూ చేసినారు.

"ఏమప్పా ఉరుకుందూ, ఎవరన్నా దిగేదుందా?" అని సుధాకర్ టెంటు కింద నుంచి అరిచినాడు.

మద్దయ్య తిట్టలేదు. గ్లవుసులు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, టైరు మీద కూర్చున్నాడు. "నాలుగు తిట్టింటే బాగుండునే" అని ఆ రాత్రి తాత అవ్వతో అన్నాడు.

మరుసటి రోజు నుంచి తాత పేరు హోల్డాన్ ఉరుకుందు. టీ అంగడాయన కూడా తాత గ్లాసులో సగం పోసి ఆపి, "పోసేదా అన్నా, హోల్డానా?" అనేవాడు. తాత టీ తాగడం మానేసినాడు. బస్సులో నోరు తెరవడమూ మానేసినాడు. ఒక విజిల్ కొనుక్కొచ్చి మెడలో వేసుకున్నాడు. ఒకసారి ఊదితే ఆపు, రెండుసార్లు ఊదితే పో. మద్దయ్య ముఖం చూడలేక, ఖాళీ బస్సులో కూడా వెనక సీట్లోనే కూర్చునేవాడు.

డ్రైవర్ సర్వీసు అయిపోయే రోజు మా డిపోలో బస్సుకు పూలదండలు కడతారు. ఇంటోళ్లు, తోటోళ్లు ఎక్కుతారు. డ్రైవర్ ఆఖరు ట్రిప్పు నడుపుకుని డిపోకు తెస్తాడు. ఆ ట్రిప్పు తప్పించుకోవాలని తాత డ్యూటీలు వేసే ఆయన దగ్గరకు పోయి, "ఆ పొద్దు నన్ను ఆలూరు బస్సుకు ఎయ్యండి సార్" అని బతిమాలినాడు.

"కుదరదప్పా. నా కండక్టరే కావాలన్నాడు మద్దయ్య."

ఆ మాట విన్నాక తాత ఇంకా కుంగిపోయినాడు.

ఆ ఆఖరు ట్రిప్పు పొద్దు తాతకు విజిల్ కనపడలేదు. ఇల్లంతా వెతికినాడు. అది నా చున్నీ కొంగులో ఎందుకు ముడేసి ఉందో నన్ను అడగొద్దండి.

ఎమ్మిగనూరులో బస్సు బయల్దేరింది. జట్టు జట్టంతా అందులోనే, నేనూ అందులోనే. తాత ప్రతి స్టేజీలో బస్సు రేకును అరచేత్తో తట్టి పని గడిపినాడు. సగం దారిలో, స్టేజీ కాని చోట, ఇంకొక ముసలామె మూటతో చెయ్యి ఊపుతూ చేనుగట్టు మీద నుంచి ఉరికి వచ్చింది. బస్సులో అందరూ తాతను చూస్తున్నారు. తాత నోరు తెరిచి, మళ్లీ మూసినాడు. చెయ్యి రేకు మీదకు లేవలేదు. మద్దయ్యకు అద్దంలో ఆమె కనపడుతూనే ఉంటుంది. అయినా ఆపలేదు. ఆమె వెనకబడింది. దుమ్ములో నిలబడి, ఊపే చెయ్యి దించేసింది.

"హోల్డాన్!"

బస్సు అక్కడే నిలబడింది. లోపల నవ్వులకు పూలదండలు ఊగినాయి. తాత తల ఎత్తకుండా దిగి, వెనక్కి నడిచిపోయి, ఆమె మూట తన నెత్తిన పెట్టుకుని తెచ్చినాడు.

"నోట్లో ఏమన్నా పెట్టుకున్న్యావా నాయనా? ఇంత దూరం ఉరికిస్తివి!" అని ఆమె ఎక్కతానే తిట్టింది. మళ్లీ నవ్వులు.

తాత మొదటిసారి ముందుకు పోయి, డ్రైవరు సీటు పక్కన నిలబడినాడు. "మద్దయ్యన్నా... ఆ పొద్దు..."

మద్దయ్య రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "రైట్ చెప్పప్పా. ఆలస్యమవుతాంది."

"రైట్... రైట్" అన్నాడు తాత, పిల్లి గొంతుతో. బస్సు కదిలింది.

ఇదంతా రాసి తాతకు చదివి వినిపించినాను. "తాతా, నువ్వు ముసలామె మీద దయతో ఆపినావని చివర్లో పెట్టేదా?" అని అడిగినాను.

"దయా లేదు, గియా లేదు. బర్రెను పిలిచే ముసలామెకు మ్యాచే ఆపిన పిచ్చోన్ని. మద్దయ్య నలభై తొమ్మిదితోనే ఇంటికి పోయినాడు, అది రాయి. రాసి, నా విజిల్ నాకియ్యి."